గవ్వకీ ఆక్టోపస్‌కీ చుట్టరికం ఎక్కడ కలిసింది?

దేవుడి గదిలో శంఖం, పక్కన గిన్నెలో సాలగ్రామం, అటక మీది డబ్బాలో అష్టాచెమ్మా గవ్వలు, బీరువాలో ముత్యాల దండ. పాతకాలం ఇల్లయితే గోడలకి గుల్లసున్నం. లవ్‌బర్డ్స్ పెంచేవాళ్లింట్లో పంజరానికి కట్టిన తెల్లటి సముద్రపు నురగ ముక్క. ఈ ఆరింటినీ వరసగా పెట్టి చూపిస్తే ఒకదానికొకటి సంబంధం ఉందని ఎవరికీ తోచదు. కానీ ఆరూ ఒకే కుటుంబం నుంచి వచ్చినవి, ఆ కుటుంబం పేరు మొలస్కా.

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకి ఈ పేరు గుర్తుండే ఉంటుంది. పైలా అంటే ఆపిల్ నత్త, సెపియా అంటే కటిల్‌ఫిష్, అప్లీసియా అంటే సముద్రపు కుందేలు అని పరీక్ష కోసం బట్టీ పట్టిన లిస్టు అది. ఆ లిస్టు పేర్లు చెబుతుంది గానీ అసలు ఆశ్చర్యపోవాల్సిన సంగతి చెప్పదు. బండకి కరుచుకుని పాచి గీక్కుతినే నత్తా, మూత తిప్పి సీసాలోని పీతను బయటికి లాగే ఆక్టోపస్సూ, అసలు తలే లేని ఆల్చిప్పా ఒకే మూలం నుంచి వచ్చాయి. ఆ మూలానికి ఉన్న సరంజామా చాలా తక్కువ: పాకడానికి ఒక కండ పాదం, వీపు మీద కప్పుకున్న ఒక పొర, ఆ పొర కట్టిన గుల్ల, నోట్లో ఆకురాయి లాంటి నాలుక. యాభై కోట్ల ఏళ్లకు పైగా ఈ కుటుంబం చాలావరకు ఈ నాలుగింటినే సాగదీసింది, మడతపెట్టింది, తిరగేసి వాడింది, కొన్నిచోట్ల పూర్తిగా వదిలేసింది. కొత్తగా సంపాదించుకున్న అవయవాలు తక్కువ, పాతవాటికి అప్పజెప్పిన కొత్త పనులే ఎక్కువ. ఇది అర్థమైతే ఆ బట్టీ లిస్టులోని పేర్లన్నీ ఒక్కసారిగా చుట్టాలైపోతాయి.

ముందు ఈ కుటుంబం ఎంత పెద్దదో చూద్దాం. పేర్లు పెట్టిన మొలస్కా జాతులు సుమారు 85 వేలు. కీటకాలు, రొయ్యలు, పీతలు ఉన్న ఆర్థ్రోపోడా తరవాత రెండో స్థానం దీనిదే, సముద్రం వరకే లెక్కేస్తే మొదటి స్థానం, పేరున్న సముద్రజీవుల్లో దాదాపు నాలుగో వంతు ఇవే. పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియా దీవిలో ఒక పగడపు దిబ్బల ప్రాంతాన్ని శాస్త్రవేత్తలు జల్లెడ పట్టి 2002లో ఫలితాలు ప్రకటించారు. వెతికిన మేర 295 చదరపు కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నగరంలో సగం కూడా లేదు. అందులో దొరికిన మొలస్కా జాతులు 2,738. ప్రతి ఐదు జాతుల్లో ఒకటి ఒక్కటంటే ఒక్క నమూనాగా దొరికింది, అంటే ఇంకాస్త వెతికి ఉంటే ఇంకా చాలా దొరికేవే. మూడో వంతు జాతులైతే పూర్తిగా ఎదిగినా మెంతిగింజంత ఉండవు. బీచ్‌లో మన కాళ్లకింద కరకరలాడే ఇసుకలో సగం విరిగిన చుక్కల్లా ఉండేవాటిలో ఇలాంటివి ఎన్నో. రెండో చివర 2007లో అంటార్కిటికా దగ్గర రాస్ సముద్రంలో న్యూజిలాండ్ పడవకి చిక్కిన కొలోసల్ స్క్విడ్ ఉంది, దాని బరువు అర టన్ను. మెంతిగింజకీ అర టన్నుకీ శరీరం పథకం ఒకటే కావడం చిన్న విషయం కాదు.

గుల్ల దగ్గర మొదలుపెడదాం, అందరికీ కనిపించేది అదే కాబట్టి. నత్త గుల్లని ఎక్కడినుంచో తెచ్చుకోదు, ఖాళీ గుల్లల్లో కాపురం పెట్టేవి సన్యాసి పీతలు. నత్త తన ఇంటిని తనే కట్టుకుంటుంది. వీపు మీది పొరని పాఠ్యపుస్తకాల్లో ప్రావారం అంటారు, దాని అంచు సముద్రపు నీటిలోంచి కాల్షియం తీసుకుని గుల్ల మూతి చుట్టూ కొత్త వరస పేరుస్తూ పోతుంది. మూతికి ఒక పక్క ఎక్కువగా, ఇంకో పక్క తక్కువగా పేరిస్తే గుల్ల దానంతట అదే మెలి తిరుగుతుంది. తేడా కొంచెమైతే పొడవాటి మరమేకు ఆకారం, బాగా ఎక్కువైతే ఆల్చిప్పలాగా విచ్చుకున్న గిన్నె. ఒడ్డున కనిపించే వేల ఆకారాల వెనక ఉన్న లెక్క చాలావరకు ఇంతే.

ఈ లెక్కని గవ్వ ఎలా మార్చుకుందో చేతిలో పట్టుకుని చూడొచ్చు. అష్టాచెమ్మా గవ్వ ఒకటి తీసుకోండి. మామూలు నత్తకుండే మెలిక ఎక్కడా కనపడదు. వీపు గాజులా నున్నగా ఉంటుంది, కింద సన్నటి చీలిక, దానికి రెండు పక్కలా పళ్ల వరస. ఒడ్డున ఏరుకున్న మిగతా గుల్లలు గరుగ్గా, పాచి పట్టి, అంచులు అరిగి ఉంటే గవ్వ మాత్రం ఎవరో పాలిష్ పట్టినట్టు మెరుస్తుంది. నిజంగానే పట్టింది, ఆ గవ్వలో బతికిన జీవే. గవ్వ పిల్లగా ఉన్నప్పుడు అందరిలాగే పల్చటి అంచుతో మెలికలు తిరిగిన గుల్లే. ఎదిగేకొద్దీ చివరి మెలిక మిగతావాటన్నిటినీ కప్పేస్తుంది, మూతి అంచు లోపలికి ముడుచుకుని పళ్లు వస్తాయి, అక్కడితో పొడవు పెరగడం ఆగిపోతుంది. అప్పుడు ప్రావారం ఆ చీలికలోంచి రెండు పక్కలా బయటికొచ్చి, దుప్పటి కప్పుకున్నట్టు గుల్ల మొత్తాన్ని కప్పుకుని, వీపు మీద రెండంచులూ కలుసుకుంటాయి. పెద్ద చుక్కల గవ్వల మీద ఆ అంచులు కలిసిన చోట సన్నటి గీత ఇప్పటికీ కనిపిస్తుంది. బతికున్నంతకాలం ఆ దుప్పటి గుల్ల మీద పొర మీద పొర వేస్తూనే ఉంటుంది, పాచికి పట్టు దొరకదు, గీత పడినా పూడిపోతుంది. మిగతా నత్తలకి గుల్ల బయట, ఒళ్లు లోపల. గవ్వ ఈ వరసని తిరగేసింది.

ఆ నునుపూ గట్టిదనమే గవ్వని డబ్బుగా చేశాయి. అరగదు, కుళ్లదు, దొంగ గవ్వ చెయ్యడం కుదరదు, అన్నీ దాదాపు ఒకే సైజు. మాల్దీవుల్లో ఏరిన గవ్వలు ఓడల్లో బెంగాల్, ఒడిశాలకి చేరి వందల ఏళ్లు చెల్లాయి. ఈస్టిండియా కంపెనీ ఒడిశాలో శిస్తు గవ్వల్లో కాకుండా వెండిలోనే కట్టాలని పట్టుబట్టడం 1817 పైకా తిరుగుబాటుకు ఒక కారణం. మన మాటల్లో చిల్లిగవ్వ ఇంకా మిగిలే ఉంది.

శంఖం సంగతి ఇంకొక రకంగా ఆసక్తికరం. నత్తల్లో అత్యధిక శాతం ఒకే వైపు తిరుగుతాయి. కొన సన్నటి మెలికల వైపు పైకి పెట్టి మూతి మన వైపు తిప్పితే మూతి కుడిచేతి వైపు వస్తుంది. మనవాళ్లు మాత్రం శంఖాన్ని తలకిందులుగా, అంటే పొడవాటి తోక వైపు పైకి ఉంచి చూస్తారు, అప్పుడు అదే మూతి ఎడమకి వస్తుంది. అందుకే మామూలు శంఖం మనకి వామావర్తం, శాస్త్రవేత్తలకి కుడివాటం. మన్నార్ సింధుశాఖలో తూత్తుకుడి వైపు దొరికే అసలు శంఖాల్లో ఎప్పుడో ఒకటి వ్యతిరేక దిశలో పెరుగుతుంది, అదే దక్షిణావర్త శంఖం. ఈ దిశ ఎప్పుడు తేలిపోతుందంటే పిండం నాలుగు కణాల నుంచి ఎనిమిది కణాలయ్యే సమయంలో. పై నాలుగు కణాలు కింది నాలుగింటి మీద ఎటు మెలి తిరిగితే గుల్ల అటే. ఆ మెలికని నిర్ణయించేది పిల్ల జన్యువు కాదు, తల్లి గుడ్డులో పెట్టి పంపిన సరుకు. మంచినీటి నత్తలో ఈ పని ఒకే ఒక్క జన్యువు చేస్తుందని, దాన్ని పని చెయ్యకుండా చేస్తే పిల్లలు ఎడమవాటంగా పుడతాయని జపాన్ పరిశోధకులు 2019లో నిరూపించారు.

ఇక్కడ కొనేవాళ్లకి పనికొచ్చే మాట ఒకటి చెప్పుకోవాలి. బజారులో దక్షిణావర్తం పేరుతో అమ్మేవాటిలో చాలా వరకు అసలు శంఖాలే కావు. అమెరికా ఆగ్నేయ తీరంలో, మెక్సికో సింధుశాఖలో లైట్నింగ్ వెల్క్ అనే నత్త ఉంది, దాని జాతి మొత్తం సహజంగానే ఎడమవాటం. అక్కడ అది అరుదైనది కాదు, టెక్సస్ రాష్ట్రపు గుర్తింపు గుల్ల కూడా అదే. తేడా పట్టుకోవడం తేలిక: అసలు శంఖం మూతిలోకి చూస్తే నడిమి కాడ మీద మూడు నాలుగు గట్టి మడతలు ఎత్తుగా కనిపిస్తాయి, వెల్క్‌లో అక్కడ నున్నగా ఉంటుంది. భక్తితో వేలకి వేలు పోసి కొనేవాళ్లకి ఈ చిన్న గుర్తు ఎవరూ చెప్పకపోవడం బాధాకరం.

ముత్యం కూడా ప్రావారం పనే. లోపల ఇసుక రేణువు పడితే ముత్యమవుతుందని చెబుతుంటారు గానీ ఎక్కువసార్లు కారణం ప్రావారానికి తగిలిన దెబ్బో, లోపలికి దూరిన పరాన్నజీవో. చిప్ప లోపలి గోడకి వేసే మెరుపు పూతనే దాని చుట్టూ పొరలుగా వేస్తుంది, అంతే.

ఇప్పుడు నాలుక. రాడ్యులా అనే ఈ అవయవం మొలస్కాలకి తప్ప ఇంకెవరికీ లేదు. చిన్న పట్టీ మీద వరసలు వరసలుగా పళ్లు, ముందువి అరిగి రాలుతుంటే వెనకనుంచి కొత్తవి వస్తుంటాయి. అలలు కొట్టే రాళ్ల మీద చైనా టోపీలా అతుక్కుని ఉండే లింపెట్ ఈ పళ్లతో రాతి మీది పాచిని రాయితో సహా గీకుతుంది. గోథైట్ అనే ఇనుప ఖనిజపు పోగులు వాటిలో ఉండటం వల్ల అవి సాలెపట్టు కంటే దృఢంగా ఉన్నాయని, ప్రకృతిలో కొలిచిన జీవపదార్థాలన్నిటిలో అదే మొదటిదని ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ యూనివర్సిటీ 2015లో తేల్చింది. వీపు మీద ఎనిమిది పలకలుండే కైటాన్ పళ్లకి మాగ్నెటైట్ తొడుగులుంటాయి, అంటే దాని పళ్లు అయస్కాంతానికి అంటుకుంటాయి. తమకి దొరికే ఆ కాస్త ఇనుమునే పోగేసి ఇంత పని చేస్తున్నాయి ఈ మెత్తటి ఒంటి జీవులు.

అయితే రాడ్యులాతో అందరికంటే దూరం వెళ్లింది కోన్ నత్త. చూడటానికి చక్కటి రంగుల గుల్ల, శంకువు ఆకారం, ఏరుకోవాలనిపిస్తుంది. దాని ఒక్కో పన్నూ బోలుగా, చివర ముల్లుతో, ఇంజెక్షన్ సూదీ పంట్రకోలా కలిసినట్టుంటుంది. ఒక సూదిలో విషం నింపి, తొండం కొసన పట్టుకుని, చేపకి తగిలేదాకా కదలకుండా ఉంటుంది. గుచ్చిన క్షణంలో చేప బిగుసుకుపోతుంది. ఒక్కో సూదీ ఒక్కసారికే, సంచిలో మిగతావి సిద్ధంగా ఉంటాయి. పరుగెత్తలేని నత్త ఈదే చేపని తినాలంటే పారిపోయే వ్యవధి ఇవ్వకూడదు, ఆ ఒత్తిడే విషాన్ని ఇంత పదును పెట్టింది. జియోగ్రాఫస్ అనే జాతి ఇంకో ఉపాయం కూడా పన్నింది: చేపల ఇన్సులిన్‌ని పోలిన పదార్థాన్ని నీళ్లలోకి వదులుతుంది, చుట్టుపక్కల చేపలకి షుగర్ పడిపోయి మత్తుగా తూలుతుంటే పెద్ద నోరు తెరిచి లోపలికి తీసుకుంటుంది. ఇది 2015లో బయటపడింది. ఈ జాతి కుట్టి మనుషులు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి, విరుగుడు మందు లేదు. బతికున్న కోన్ గుల్లని చేత్తో పట్టుకోవద్దు, జేబులో అసలే వేసుకోవద్దు.

ఆ విషంలోనే మందు దొరికింది. ఫిలిప్పీన్స్‌లో పుట్టిన బాల్డొమేరో ఒలివెరా ఈ నత్తల విషాల మీద పరిశోధన మొదలుపెట్టి, తరవాత అమెరికాలోని యూటా యూనివర్సిటీలో కొనసాగించారు. మేగస్ అనే జాతి విషంలోని ఒక చిన్న ప్రొటీన్ ముక్క నొప్పి కబురు మోసే నరాల కాల్షియం ద్వారాలను మూసేస్తుంది. దాని నుంచి తయారైన జికోనొటైడ్‌కి 2004లో అమెరికా అనుమతి వచ్చింది. మార్ఫిన్‌లా అలవాటు పడే మందు కాదు, కానీ వెన్నెముక ద్రవంలోకి నేరుగా ఎక్కించాలి కాబట్టి భరించలేని నొప్పి ఉన్నవాళ్లకే ఇస్తారు. కోన్ నత్తల జాతులు 900కి పైనే, ఒక్కోదాని విషంలో వందరకాల పదార్థాలు. పాచి గీక్కునే ఆకురాయి ఎక్కడ, ఇదెక్కడ!

ఆల్చిప్పలు దీనికి సరిగ్గా ఎదురు దారి పట్టాయి. రాడ్యులాని వదిలేశాయి, దాంతోపాటు తలని కూడా. నీటిని మొప్పల గుండా వడకట్టి తినే జీవికి వెతకాల్సిన పని లేదు, గీకాల్సిన పని లేదు. గుల్ల రెండు చిప్పలుగా మారి తలుపులైంది. ఇలా కూర్చున్నచోట తినే బతుకు ఎంత బాగా కుదిరిందంటే కాకినాడ అఖాతం బురద నిండా ఇవే ఉంటాయి, గాజు పలకల్లా వెలుతురు పారే చదును చిప్పలతో సహా. గోవా పాత ఇళ్ల కిటికీలకి అద్దాల బదులు బిగించింది ఆ రకం చిప్పల్నే. తల లేకపోయినా చూపు పోలేదు: స్కాలప్ అనే రకానికి ప్రావారపు అంచు పొడవునా రెండు వందల దాకా కళ్లుంటాయి, ఒక్కో కంటి వెనకా బొమ్మ కట్టే అద్దం. పగడపు దిబ్బల మీది రాక్షస చిప్ప ప్రావారాన్ని ఎండకి ఆరబెట్టి, అందులో నాచుని పెంచుకుని, అది వండిపెట్టే చక్కెరతో బతుకుతుంది.

ఆల్చిప్ప అంటే కదలని చిప్ప అనుకునేవాళ్లకి షిప్‌వర్మ్‌ని చూపించాలి. పేరులో పురుగు ఉంది, చూడటానికీ తెల్లటి పొడవాటి పురుగే. నిజానికి ఆల్చిప్పే. రెండు చిప్పలూ కుంచించుకుపోయి ముందు కొసన చిన్న డ్రిల్లు బిట్టులా మిగిలాయి, వాటితో కర్రని తొలుచుకుంటూ వెళ్లి, ఆ పొట్టునే తింటుంది, మొప్పల్లోని బాక్టీరియా ఇచ్చే రసాయనాలతో అరిగించుకుంటుంది. సముద్రపు చెదలు అంటే సరిగ్గా సరిపోతుంది. 1730ల్లో నెదర్లాండ్స్ కట్టల కొయ్యలని తొలిచేసి ఆ దేశాన్ని హడలగొట్టింది. విశాఖ రేవులో ఈ కర్ర తొలిచే జీవుల మీద ఆంధ్రా యూనివర్సిటీ జంతుశాస్త్రవేత్తలు 1950ల్లోనే పని చేశారు, ఎందుకంటే తెప్పలూ నావలూ చెక్కవే అయిన రోజుల్లో మత్స్యకారుల పెట్టుబడి మొత్తం దీని నోట్లో ఉండేది. తొలుస్తూనే సొరంగం గోడకి సున్నం పూత వేసుకుంటూ పోయే దీని తీరు చూసే మార్క్ బ్రూనెల్ అనే ఇంజనీరుకి సొరంగాలు తవ్వే కవచం ఆలోచన వచ్చిందని చెబుతారు. లండన్‌లో థేమ్స్ నది కింద 1843లో తెరిచిన సొరంగం ఆ పద్ధతిలో కట్టిందే. మెట్రో కోసం భూమి కింద దూసుకుపోయే యంత్రాలది ఆ వంశమే.

ఇక గుల్లని వదిలేసినవాళ్ల కథ. గుల్ల రక్షణే, కానీ బరువు, కట్టడానికి ఖర్చు, వేగానికి అడ్డం. అందుకే ఈ కుటుంబంలో గుల్ల వదిలెయ్యడం ఒక్కసారి జరిగింది కాదు, వేర్వేరు శాఖల్లో మళ్లీ మళ్లీ జరిగింది. సముద్రం అడుగున పురుగుల్లా ఉండే కొన్ని మొలస్కాలను చూసి ఇవి గుల్ల పుట్టకముందటి పాతకాలపు రూపాలని చాలాకాలం అనుకున్నారు. ఇంగ్లండ్‌లో 42.5 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో పురుగు లాంటి ఒంటి మీద ఏడు పలకలున్న శిలాజం దొరికింది, 2012లో దాని వివరాలు వచ్చాయి. జన్యువుల పోలికలూ అదే చెప్పాయి: ఇవి కైటాన్‌కి దగ్గరి చుట్టాలు, పలకలు ఉండి పోగొట్టుకున్నవి. సాదాగా ఉన్నదల్లా పాతది అనుకోవడం ఎంత పొరపాటో దీన్ని చూస్తే తెలుస్తుంది.

సముద్రపు స్లగ్గులు అనే నత్తలు గుల్ల వదిలాక రక్షణకి వేరే దారులు వెతుక్కున్నాయి. గ్లాకస్ అనే నీలిరంగు స్లగ్గు విషపు జెల్లీజీవిని తిని, దాని కుట్టే కణాలను పేలనివ్వకుండా తన వేళ్ల కొసల్లో దాచుకుని ఆయుధంగా వాడుతుంది. అప్లీసియా తన బతుకు తను బతుకుతూనే మనకి జ్ఞాపకశక్తి గురించి నేర్పింది. దానికి సుమారు 20 వేల నరకణాలే, పైగా పెద్దవి. ముట్టుకుంటే మొప్ప ముడుచుకోవడం అది ఎలా నేర్చుకుంటుందో, ఎలా మరిచిపోతుందో చూసి ఎరిక్ కాండెల్ జ్ఞాపకం కణాల మధ్య ఎలా నిలుస్తుందో తేల్చారు, 2000లో నోబెల్ వచ్చింది.

అన్నిటికంటే పెద్ద మార్పు స్క్విడ్, కటిల్‌ఫిష్, ఆక్టోపస్‌ల శాఖలో జరిగింది. వీటి పూర్వీకులు గుల్లని గదులు గదులుగా కట్టి, గదుల్లో గాలి నింపి, నేల వదిలి నీటిలో తేలడం నేర్చాయి. పాకే పాదం చేతులుగా, నీళ్లు చిమ్మే గొట్టంగా చీలింది. ప్రావారం గుల్ల కట్టే పని తగ్గించుకుని దట్టమైన కండ సంచిగా మారి, నీటిని పీల్చి గట్టిగా వెనక్కి నెట్టే పంపు అయింది. రెస్టారెంట్లో స్క్విడ్ రింగ్స్ అని తెచ్చిపెట్టే ఉంగరాలు ఆ ప్రావారాన్ని అడ్డంగా కోసిన ముక్కలే. వంటింట్లో స్క్విడ్‌ని శుభ్రం చేసేటప్పుడు లోపలినుంచి ప్లాస్టిక్ ఈకలా పారదర్శకంగా ఒక పుల్ల వస్తుంది, పారేస్తాం. ఒకప్పటి గుల్లలో మిగిలింది అదే. కటిల్‌ఫిష్‌లో ఇంకాస్త మిగిలింది, ఆయుర్వేదంలో సముద్రఫేనం అనే ఆ నురగ ముక్క. పేరుకి నురగ గానీ, విరిచి భూతద్దంతో చూస్తే పల్చటి అంతస్తులు, అంతస్తుల మధ్య నిలబడ్డ గోడలు వందల కొద్దీ కనిపిస్తాయి. ఆ గదుల్లో నీరూ గాలీ పాళ్లు మార్చుకుంటూ కటిల్‌ఫిష్ ఈదే శ్రమ లేకుండా పైకీ కిందకీ వెళ్తుంది. పంజరంలో చిలకలు కాల్షియం కోసం కొరుక్కునేది ఒక జలాంతర్గామి ట్యాంకుని.

ఆక్టోపస్ ఆ కాస్త కూడా దాదాపు వదిలేసుకుంది. ఎముక లేదు, గుల్ల లేదు, కాబట్టి చిలక ముక్కు లాంటి దాని గట్టి నోరు దూరే సందుంటే ఒళ్లంతా దూరుతుంది. రక్షణ అంతా రంగు మార్చడం మీద, తెలివి మీద పడింది. సుమారు 50 కోట్ల నరకణాలు, కుక్క మెదడు పైపొరలో ఉన్న లెక్కకి దగ్గర, అందులో మూడింట రెండొంతులు చేతుల్లోనే. మూడు గుండెలు, రాగి వల్ల నీలి రక్తం. దాని కన్ను మన కన్నులాగే కటకం, కనుపాప, రెటీనా ఉన్న కెమెరా కన్ను, కానీ మన పూర్వీకులకీ దానికీ యాభై కోట్ల ఏళ్ల కిందటే దారులు వేరయ్యాయి, అప్పటి జీవికి అలాంటి కన్ను లేదు. రెండు కుటుంబాలు విడివిడిగా ఒకే పరికరాన్ని కనిపెట్టాయి. పైగా మన రెటీనాలో నరాలు వెలుతురుకి అడ్డంగా ముందునుంచి పోతాయి, అందుకే మనకో గుడ్డి చుక్క ఉంది. దానికి నరాలు వెనకనుంచి పోతాయి, గుడ్డి చుక్క లేదు. ఇంత ఉండి మామూలు ఆక్టోపస్ బతికేది ఏడాది, రెండేళ్లు. తల్లి గుడ్లని కాపాడుకుంటూ తిండి మానేసి, అవి పిల్లలయ్యే వేళకి చనిపోతుంది. నేర్చుకున్నది పిల్లలకి చెప్పే అవకాశం ఒక్క రోజు కూడా దొరకదు. ఈ కుటుంబం మొత్తంలో మనసుని కలచివేసే సంగతి ఇదే.

ఇక్కడ సాలగ్రామం గుర్తు చేసుకోవాలి. నేపాల్‌లో కాళీ గండకి నదిలో దొరికే ఆ నల్లరాతిలోని చక్రం అమ్మోనైట్ అనే జీవి గుల్ల ముద్ర. హిమాలయాలు లేవక ముందు అక్కడ టెథిస్ సముద్రం ఉండేది, పద్నాలుగు కోట్ల ఏళ్లకు పైబడిన దాని అడుగు బురదే ఆ రాయి. చూడటానికి, గదుల గుల్లతో ఇప్పటికీ బతుకుతున్న నాటిలస్‌లా ఉన్నా అమ్మోనైట్లు ఆక్టోపస్, స్క్విడ్‌లకే దగ్గర. ముప్పై కోట్ల ఏళ్లకు పైగా సముద్రాలని ఏలినవి 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లతో పాటే మాయమయ్యాయి. నాటిలస్ మిగిలింది. ఎందుకన్నదానికి గట్టిగా నిలిచే వివరణ గుడ్ల దగ్గరుంది: అమ్మోనైట్ పిల్లలు నలుసంత, పైనీటిలో కొట్టుకుపోయే సూక్ష్మజీవులైన ప్లాంక్టన్‌తో కలిసి తేలేవి, ఉల్కాపాతం తరవాత ప్లాంక్టనే కూలిపోయింది. నాటిలస్ కొన్నే గుడ్లు పెడుతుంది, పెద్దవి, లోపలి నిల్వతో నెలల తరబడి గడిపి అంగుళం సైజు పిల్ల బయటికొస్తుంది. వేలకొద్దీ కనడం కోట్ల ఏళ్లు గెలిపించిన పద్ధతే, ఆ ఒక్క గడ్డు కాలంలో ఓడించింది.

ఆ కాలపు ఆనవాళ్లు మన దగ్గరా ఉన్నాయి. రాజమహేంద్రవరం చుట్టుపక్కల దుద్దుకూరు, పంగిడి, కాతేరు దగ్గర దక్కన్ లావా పొరల కిందా మధ్యా సున్నపురాయి పొరలున్నాయి, వాటిలో మరమేకులా మెలికలు తిరిగిన టరిటెల్లా గుల్లలు, ఆల్చిప్పలు కనిపిస్తాయి. గోదావరి ఒడ్డుకి సముద్రం వచ్చి వెళ్లిన సంగతి ఆ గుల్లలే చెప్పాయి. డైనోసార్ల అంతానికీ లావా ప్రవాహాలకీ కాలం లెక్క కట్టేందుకు ప్రపంచం నలుమూలల భూగర్భ శాస్త్రవేత్తలు ఆ క్వారీలకి వస్తుంటారు, ఊళ్లోవాళ్లకి మాత్రం అది కంకర రాయి.

పోయిందనుకున్నది తిరిగి దొరకడం కూడా ఈ కుటుంబంలో ఉంది. మోనోప్లాకోఫోరా అనే శాఖ ముప్పై ఏడు కోట్ల ఏళ్ల కిందటే అంతరించిందని పుస్తకాల్లో రాసేశారు. 1952లో డెన్మార్క్ ఓడ గలాథియా కోస్టారికా దగ్గర పసిఫిక్‌లో 3,570 మీటర్ల లోతునుంచి వల లాగితే అందులో బతికున్నవి పడ్డాయి.

హిందూ మహాసముద్రం అడుగున వేడినీటి ఊటల దగ్గర 2001లో దొరికిన నత్త గుల్ల కథని ఇంకో మలుపు తిప్పింది. క్రైసోమాలన్ దాని పేరు. పాదం పక్కలంతా పొలుసులు, పొలుసుల మీదా గుల్ల మీదా ఇనుప సల్ఫైడ్ పూత. ఒంటి మీద ఇనుము తొడుక్కున్న జంతువు ఇంకొకటి తెలియదు. వేట లేదు, మేత లేదు, గొంతు దగ్గరి గ్రంథిలో పెంచుకునే బాక్టీరియానే వండిపెడుతుంది, ఆ బాక్టీరియాకి ఆక్సిజన్ అందించడానికే కాబోలు ఒంటికి మించిన గుండె ఉంటుంది. చుట్టాల్లో కొందరు గుల్ల వదిలించుకునే దారి పడితే ఇది ఉన్న గుల్లకి కవచం తొడిగింది. ఊటలోంచి వచ్చే ఖనిజాలు లేకపోతే ఆ కవచం లేదు.

ఆ ఖనిజాల కోసమే ఇప్పుడు దేశాలు ఊటల వైపు చూస్తున్నాయి. రాగి, జింకు, బంగారం ఉన్న సల్ఫైడ్ దిబ్బలను వెతకడానికి అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థ ఇచ్చే ఒప్పందాలు ఈ సముద్రంలో కూడా ఉన్నాయి, భారత్ 2016లో 10 వేల చదరపు కిలోమీటర్లకు పదిహేనేళ్ల ఒప్పందం చేసుకుంది. ఈ నత్త ఉన్న ఊటలు మొదట తేలినవి మూడే, అన్నీ కలిపితే రెండు ఫుట్‌బాల్ మైదానాలంత. శాస్త్రపద్ధతిలో దీనికి పేరు పెట్టింది 2015లో. 2019లో సముద్రగర్భ గనుల ముప్పు వల్ల అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో మొట్టమొదట చేరిన జాతి ఇదే.